అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ హికారు నకమూరా ఆన్‌లైన్ చెస్ రికార్డు నిజంగా అంత గొప్పదా? ఆ ఆట చూసి పిల్లలు నేర్చుకోవచ్చా?

మీరు ఒకే పోస్టులో మూడు ప్రశ్నలు అడిగారు. మీ అబ్బాయికి పదమూడేళ్లు, రోజూ నకమూరా వీడియోలు చూస్తూ ఒక నిమిషం గేములు ఆడుతున్నాడు, అది మంచిదేనా? ఆన్‌లైన్‌లో ఆయన రికార్డుకి బోర్డు మీద ఆడే చెస్‌లో విలువ ఉందా? 46 గేముల్లో 45.5 పాయింట్లు (గెలుపుకి ఒకటి, డ్రాకి అర) తెచ్చుకున్నాడన్న వార్త నమ్మవచ్చా?

ముందు సమాధానాలు చెప్పేస్తాను. రికార్డు గొప్పదే, అందులో అనుమానం లేదు. 45.5 సంగతి కూడా నమ్మవచ్చు, లెక్క కింద వేసి చూపిస్తాను. ఇక మీ బాబు విషయం: నకమూరా దగ్గర నేర్చుకోవాల్సింది డిఫెన్సు, టైము వాడుకునే తీరు. నేర్చుకోకూడనివి ఆయన సరదా ఓపెనింగులు, ఒక నిమిషం గేముల అలవాటు. పిల్లలు మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా నేర్చుకుంటారు. వీడియోలో కంటికి కనిపించేవి ఆ రెండోవే కదా.

నేను చాలాకాలంగా పిల్లలకు చెస్ నేర్పుతున్నాను, జిల్లా టోర్నీల్లో ఆర్బిటర్‌గా, అంటే రిఫరీగా, కూడా కూర్చుంటాను. రాత్రిళ్లు నేనూ బ్లిట్జ్ (మూడు, అయిదు నిమిషాల వేగం గేములు) ఆడతాను. కాబట్టి ఇది రెండు వైపుల నుంచీ చూసి రాస్తున్నది.

రికార్డు ఎలా చదవాలి

ఆన్‌లైన్ రేటింగు చూసి ఎవరి గురించీ ఒక నిర్ణయానికి రావద్దు. చెస్ ఆడుకునే సైటు చెస్‌డాట్‌కామ్‌లో నకమూరా బ్లిట్జ్ రేటింగు 3000 దాటి చాలా ఏళ్లయింది. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) క్లాసికల్‌లో, అంటే బోర్డు మీద గంటలకొద్దీ సాగే ఆటలో, ఆయన అందుకున్న గరిష్ఠం 2816, అది 2015 అక్టోబరులో. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు. ఆడేవాళ్లు వేరు, టైము వేరు, లెక్కగట్టే పద్ధతీ వేరు. మా క్లాసుకి వచ్చే పిల్లల్లో ఆన్‌లైన్‌లో 1800 ఉండి ఫిడే రేటింగు ఇంకా రానివాళ్లు బోలెడుమంది.

నేనైతే మ్యాచులు చూస్తాను. స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ అని ఒకటి ఉంది. అందులో ఇద్దరే కూర్చుని మూడు గంటలు ఆడతారు. తొలి గంటన్నర 5 నిమిషాల గేములు, తర్వాత గంటసేపు 3 నిమిషాలవి, చివరి అరగంట 1 నిమిషం గేములు. ప్రతి ఎత్తుకీ ఒక సెకండు కలుస్తుంది. ఒకే ప్రత్యర్థితో దాదాపు ముప్పై గేములు. ఒక గేములో అదృష్టం కలిసిరావచ్చు, ముప్పై గేముల్లో కలిసిరాదు. 2016, 2017 ఫైనల్స్‌లో నకమూరా అప్పటి ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో ఓడాడు. ఆ తర్వాత 2018 నుంచి 2022 దాకా వరసగా అయిదుసార్లు ఆయనే గెలిచాడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ అయిదింటిలో ఫైనల్లో కార్ల్‌సన్ ఎదురైంది 2022లో మాత్రమే. అది 14.5–13.5తో నకమూరా గెలిచాడు. మరుసటి ఏడాది 2023 ఫైనల్ 13.5–12.5తో కార్ల్‌సన్ గెలిచాడు. రెండూ కలిపి చూడండి: 54 గేములు, 27–27. ప్రపంచంలో అందరికంటే బలమైన ఆటగాడితో ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో సమానంగా నిలబడ్డాడంటే రికార్డు గురించి ఇంకేం చెప్పాలి? 2020 ఆగస్టులో ఇద్దరూ ఆన్‌లైన్ ర్యాపిడ్ టూర్ ఫైనల్ ఆడినప్పుడు కూడా అది ఏడో రోజు చివరి ఆర్మగెడాన్ గేము (డ్రా అయితే నల్లవైపే గెలిచినట్టు లెక్కేసే, ఫలితం తేల్చే గేము) దాకా వెళ్లింది. కార్ల్‌సన్ 4–3తో బయటపడ్డాడు.

అదే క్లాసికల్‌లో చూస్తే కథ వేరు. కార్ల్‌సన్ మీద నకమూరా మొదటి క్లాసికల్ గెలుపు 2016లో బిల్బావోలో వచ్చింది. అప్పటికి ఓటములు చాలానే పోగయ్యాయి. కాబట్టి టైము తగ్గే కొద్దీ ఈ ఇద్దరి మధ్య దూరం తగ్గుతుందన్నమాట. ఎందుకు తగ్గుతుందో తెలిస్తే ఆయన ఆటతీరు అర్థమైనట్టే.

ఆటతీరు: వేగం పైకి కనిపించేది మాత్రమే

నకమూరా వేగంగా ఆడతాడు, నిజమే. కానీ అంత వేగంగా మౌసు కదిపే కుర్రాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్లెవరూ నకమూరా కాలేదు. నా లెక్కలో ఆయన అసలు బలం ఓడిపోయే పొజిషన్లో ఓడకపోవడం.

మూడు నిమిషాల గేములో మీరు ఒక బంటు ఎక్కువ తెచ్చుకున్నారనుకోండి. కంప్యూటరు మీదే గెలుపంటుంది. కానీ గెలవాలంటే మీరు ఇంకో ముప్పై ఎత్తులు సరిగ్గా ఆడాలి. నకమూరా ఆ ముప్పై ఎత్తుల్లో ప్రతిదానికీ మీ ముందు ఒక చిన్న సమస్య పెడతాడు. తన రాజుని ముందు భద్రం చేసుకుంటాడు. పొజిషన్ బాగోనప్పుడు తన చురుకైన పావుల్ని మార్చుకోడు, బంట్లని మార్చుకుంటాడు. బోర్డు మీద బంట్లు తగ్గితే డ్రా దగ్గరవుతుంది మరి. మీరు ఒక్కో సమస్యకీ అయిదు సెకండ్లు ఖర్చుపెడతారు, ఆయనకి రెండు చాలు. పది ఎత్తులయ్యేసరికి గెలిచే పొజిషన్ మీ దగ్గరే ఉంటుంది, టైము మాత్రం ఆయన దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి మీకు టెన్షన్ మొదలవుతుంది. తప్పు అక్కడే పడుతుంది.

నాకు ఇష్టమైన ఉదాహరణ 2008 నాటిది. ఇంటర్నెట్ చెస్ క్లబ్‌లో రిబ్కా అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో మూడు నిమిషాల గేము. అప్పట్లో రిబ్కాని మించిన ప్రోగ్రాం లేదు. నకమూరా పొజిషన్‌ని పూర్తిగా మూసేసి, పావుల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. పావుల లెక్కలో రిబ్కాదే పైచేయి, కాబట్టి తాను గెలుస్తున్నానని దాని లెక్క. బంటు కదలకుండా, పావు పోకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా అయిపోతుంది కదా, ఆ డ్రా దానికి ఇష్టంలేదు. దాన్ని తప్పించుకోడానికి తనంతట తానే పావులు వదులుకుని పొజిషన్ తెరిచింది. 271 ఎత్తుల తర్వాత నకమూరా గెలిచాడు. చివర్లో బంట్లని క్వీన్లు చేయకుండా అయిదు బిషప్‌లు చేసుకున్నాడు, సరదాకి. ఆ అయిదు బిషప్‌లనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. నేర్చుకోవాల్సింది దాని ముందున్న వంద ఎత్తుల ఓపిక, ఎదుటివాడికి (అక్కడ యంత్రానికి) ఏది ఇష్టంలేదో పట్టుకోవడం.

రెండోది టైము. ఓపెనింగులో ఆయన చాలాసార్లు ఎవరు ఏమాడినా తట్టుకునే అమరికలు వాడతాడు. తెల్లతో బి3 (బి వరస బంటుని ఒక గడి జరపడం) మొదలుపెట్టి బిషప్‌ని బి2 మీద పెట్టడం అలాంటిదే. దాంతో థియరీ పరంగా పెద్ద లాభం ఉండదు, కానీ మొదటి పది ఎత్తులు పదిహేను సెకండ్లలో అయిపోతాయి. మిగిల్చిన టైము మిడిల్ గేములో పనికొస్తుంది. ఆయన ప్రతి ఎత్తులో అన్నిటికంటే మంచిదాన్ని వెతకడు. సరిపడా మంచి ఎత్తు కనిపిస్తే ఆడేస్తాడు. అయితే గేము మొత్తంలో ఒకటి రెండు చోట్ల ఆగి ఇరవై సెకండ్లు, ముప్పై సెకండ్లు ఆలోచిస్తాడు. ఎక్కడ ఆగాడన్నది చూడండి, వేగం కాదు. మా పిల్లలకి నేను ఇచ్చే హోంవర్కు కూడా ఇదే: వీడియోలో ఆయన ఆగిన చోట పాజ్ చేసి, ఎందుకు ఆగాడో నోటుబుక్కులో రాసుకురమ్మంటాను. మొదట్లో విసుక్కుంటారు. రెండు నెలలయ్యాక వాళ్లు కూడా సరైన చోట ఆగడం మొదలుపెడతారు.

ప్రీమూవ్ గురించి కూడా అడుగుతారని చెబుతున్నాను. ఎదుటివాళ్లు ఎత్తు వేయకముందే మన ఎత్తు సిద్ధంగా పెట్టేయడాన్ని అలా అంటారు. చెస్‌డాట్‌కామ్‌లో ఒక్కో ప్రీమూవ్‌కి సెకండులో పదోవంతు పోతుంది, లీచెస్ అనే ఇంకో సైటులో అదీ పోదు. నకమూరా వాడేది ఎక్కువగా తిరిగి కొట్టడం తప్ప గత్యంతరం లేని చోట్ల, లేదా ఎదుటివాళ్లు ఏమాడినా తన పావు క్షేమంగా ఉండే చోట్ల. పిల్లలు ఎక్కడపడితే అక్కడ వాడి క్వీన్ పోగొట్టుకుని, మౌసు మీద కోపం చూపిస్తారు.

45.5 లెక్క

2023 నవంబరులో మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ ఆన్‌లైన్ గణాంకాల మీద అనుమానాలు లేవనెత్తాడు. నకమూరా 46 గేముల్లో 45.5 తెచ్చుకున్న పరుగు (దాదాపు అన్నీ గెలిచిన గేముల వరస) అప్పుడే వార్తల్లోకెక్కింది. చెస్‌డాట్‌కామ్ ఆ గేముల్ని పరిశీలించి, మోసం చేసినట్టు ఆధారం లేదనీ, అన్ని గేములు ఆడేవాళ్లకి ఇలాంటి పరుగులు రావడం సహజమేననీ చెప్పింది.

వాళ్లు చెప్పారని నమ్మక్కర్లేదు, మనమే వేసి చూద్దాం. రేటింగులు లెక్కగట్టే ఈలో పద్ధతి ప్రకారం ప్రత్యర్థి మీకంటే 400 పాయింట్లు తక్కువైతే వంద గేముల్లో మీకు దాదాపు 91 పాయింట్లు రావాలి. లెక్క తేలికగా ఉండడానికి డ్రాలు పక్కనపెట్టి, గేముకి గెలిచే అవకాశం 91 శాతం అనుకుందాం. వరసగా 46 గెలిచే అవకాశం ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. తేడా 500 అయితే గెలిచే అవకాశం దాదాపు 95 శాతం, 46 వరస గెలుపులకి అవకాశం తొమ్మిది శాతం దాకా వెళ్తుంది. మధ్యలో ఒక డ్రా ఉన్నా ఫర్వాలేదంటే ఇంకా పెరుగుతుంది. ఆ పరుగులో ప్రత్యర్థుల్లో ఎక్కువమంది ఆయనకంటే బాగా తక్కువ రేటింగు వాళ్లే.

ఒక్కసారి 46 గేములు ఆడి 45.5 తెస్తే ఆశ్చర్యపోవాలి. ఈయన ఆడింది వేలకు వేలు. ఇంటి వాకిట్లో నాణెం పదిసార్లు ఎగరేస్తే పదీ బొమ్మే పడటం వింత, ఏడాదంతా ఎగరేస్తూ కూర్చుంటే అది ఏదో ఒకరోజు పడకపోవడమే వింత.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. తక్కువ రేటింగు వాళ్లతో ఆడి రేటింగు పెంచుకుంటున్నాడన్న విమర్శ చాలాకాలంగా ఉంది. అది మోసం కాదు, నియమాలకు లోబడే ఉంటుంది, కానీ అలాంటి పరుగు చూసి ఆట స్థాయిని అంచనా వేయలేం. 2025లో క్యాండిడేట్స్‌కి (ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే టోర్నీకి) రేటింగు ద్వారా అర్హత కావాలంటే కనీసం 40 క్లాసికల్ గేములు ఆడి ఉండాలన్న నిబంధన కోసం లూసియానా, అయోవాల్లో చిన్న టోర్నీలు ఆడినప్పుడు కూడా ఇదే గొడవ వచ్చింది. నా అభిప్రాయం ఏమిటంటే, నిబంధన అలా రాసినవాళ్లని అడగాలి. ఆయన స్థాయికి నేను చూసేది మాత్రం కార్ల్‌సన్‌తో ఆడిన ఆ 54 గేములే.

ఆన్‌లైన్ ఆడితే బోర్డు ఆట పాడవుతుందా

తల్లిదండ్రులందరి భయమూ ఇదే. నకమూరా విషయంలో జవాబు: పాడవలేదు. రెండేళ్లకు పైగా క్లాసికల్ ఆడకుండా స్ట్రీమింగ్ చేసుకుంటూ ఉన్న మనిషి, 2022 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో నేరుగా గ్రాండ్ ప్రీలో దిగి ఆ అంచె గెలిచాడు. చివరికి ఆ సిరీస్ మొత్తం గెలిచి క్యాండిడేట్స్‌కి వెళ్లాడు. 2022లోనే రేక్యవిక్‌లో ఫిషర్ ర్యాండమ్ (వెనక వరస పావుల్ని కలగలిపి అమర్చి ఆడే చెస్) ప్రపంచ టైటిల్. 2023లో నార్వే చెస్ టోర్నీ, అదీ ఆఖరి రౌండులో ఫాబియానో కరువానాని ఓడించి.

కానీ ఈ ఉదాహరణ మీ బాబుకి అతికించేముందు ఇంకోటి గుర్తుంచుకోండి. ఆయన 2003లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అమెరికా ఛాంపియన్ అయిదుసార్లు. సవతి తండ్రి సునీల్ వీరమంత్రి పేరున్న కోచ్, ఫిడే మాస్టర్. అంటే స్ట్రీమింగ్‌లోకి రాకముందే పదిహేనేళ్లకు పైగా అగ్రస్థాయి క్లాసికల్ ఆడేశాడు. పునాది పడ్డాక ఎంత బ్లిట్జ్ ఆడినా పునాది కదలదు. పునాదికి బదులు బ్లిట్జ్ ఆడితే మాత్రం ఎప్పటికీ పడదు.

పైగా ఆయనకీ దెబ్బలు తగిలాయి. 2022 మాడ్రిడ్ క్యాండిడేట్స్‌లో ఆఖరి రౌండులో డింగ్ లిరెన్‌తో డ్రా చేసి ఉంటే రెండో స్థానం దక్కేది. కార్ల్‌సన్ తప్పుకోవడంతో ఆ రెండో స్థానమే ప్రపంచ టైటిల్ మ్యాచుకి టికెట్ అయింది. కానీ నకమూరా ఆ గేము ఓడిపోయాడు. 2024 టొరంటో క్యాండిడేట్స్‌లో మన విదిత్ గుజరాతీ ఆయన 47 గేముల ఓటమి లేని వరసకి అడ్డుకట్ట వేశాడు, అదే టోర్నీలో మళ్లీ ఇంకోసారి ఓడించాడు. ఆ టోర్నీ ఆఖరి రౌండులో నల్లతో ఆడి నకమూరాని డ్రాతో ఆపి, మన తెలుగు కుటుంబం పిల్లాడు గుకేశ్ క్యాండిడేట్స్ గెలిచాడు. మీ బాబుకి ఆ గేము తప్పకుండా చూపించండి. వేగం, తెలివి అన్నీ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే తొణక్కుండా ఎలా ఆడాలో అందులో కనిపిస్తుంది.

మీ బాబు సంగతి

మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. ఒక నిమిషం గేముల్లో వాడిని పట్టడం నాకే కష్టమయ్యేది. తొంభై నిమిషాల టోర్నీలో కూర్చుంటే ఇరవై నిమిషాల్లో గేము ముగించుకుని బయటికొచ్చేవాడు, ఎక్కువసార్లు ఓడి. వాడికి చెస్ రాక కాదు. చేతికి ఆగడం అలవాటు లేదు. ఆర్బిటర్‌గా కూర్చున్నప్పుడు ఇలాంటి పిల్లల్ని దూరం నుంచే గుర్తుపడతాను: పావుని ముట్టుకుని, అప్పుడు ఆలోచిస్తారు. ముట్టుకుంటే అదే కదపాలన్న నియమం మౌసుకి లేదు కదా. ఆ మాటకొస్తే నకమూరాకి కూడా 2015 ప్రపంచకప్‌లో నెపోమ్నియాచ్చీతో ఆర్మగెడాన్ గేములో నియమానికి విరుద్ధంగా రెండు చేతులతో క్యాస్లింగ్ (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరపడం) చేశాడని ఫిర్యాదు వచ్చింది. ఆటలో ఉండగా అభ్యంతరం చెప్పలేదని దాన్ని తోసిపుచ్చారు.

ఓపెనింగుల విషయంలో గట్టిగా ఉండండి. 2005లో నకమూరా మన శశికిరణ్ మీద రెండో ఎత్తులోనే క్వీన్‌ని హెచ్5కి తెచ్చాడు, అది క్లాసికల్ గేము. ఓడిపోయాడు. 2021 మార్చిలో కార్ల్‌సన్, ఆయన ఇద్దరూ రెండో ఎత్తులో రాజుల్ని ముందుకి జరిపి నవ్వుకుంటూ డ్రా చేసుకున్నారు. ఇద్దరూ అప్పటికే తర్వాతి దశకి చేరిపోయారు కాబట్టి ఆ సరదా. మీ బాబు అదే పని అండర్-13 టోర్నీలో చేస్తే ఎదురుగా ఉన్న పిల్ల నవ్వదు, మేట్ చేస్తుంది.

నేను చెప్పే ఏర్పాటు ఇది. రోజూ ఒక గేము 15 నిమిషాలు + ఎత్తుకి 10 సెకండ్లతో, ఆడాక కంప్యూటరు పెట్టకుండా ముందు తనే తప్పులు వెతుక్కోవాలి. బ్లిట్జ్ కావాలంటే 3+2 (మూడు నిమిషాలు, ఎత్తుకి రెండు సెకండ్లు), ఒక గంట మించకుండా. ఆ రెండు సెకండ్లు చాలా ముఖ్యం. అవి లేకపోతే పిల్లలు చెస్ కాకుండా గడియారం గెలవడం నేర్చుకుంటారు. వారానికి రెండుసార్లు ఓడిపోయే పొజిషన్ ఒకటి ఇచ్చి, మీరో కంప్యూటరో గెలిచే వైపు ఉండి, బాబుని డ్రా చేయమనండి. మా క్లాసులో ఒక అమ్మాయి ఇలాగే మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పిల్లతో ఆడేవాళ్లకి ఒక రూక్ ఎక్కువ ఉన్నా ధైర్యం చాలదు.

ఒక నిమిషం గేములు పూర్తిగా మానిపించాలా అంటే అక్కర్లేదు, ఆ వయసులో నిషేధిస్తే ఫోన్ దుప్పట్లోకి వెళ్తుంది. టోర్నీకి ముందు వారం మాత్రం పూర్తిగా ఆపించండి. బాబు ఈమధ్య ఓడిపోయిన పొడవాటి గేము ఏదైనా ఉంటే ఎత్తులతో సహా ఇక్కడ పెట్టండి, ప్రతి ఎత్తుకీ ఎంత టైము వాడాడో కూడా రాస్తే ఇంకా నయం. ఆదివారం చూసి చెబుతాను.